సైదావలి చేయించిన ప్రమాణాలు

మా మొగలిపాళెంలో ఎవరు ఏ పని మొదలుపెట్టినా ముందు దర్జీ సైదావలి ఎదుట నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి, ప్రమాణ స్వీకారం చేయాలి. ఇది ప్రభుత్వం పెట్టిన నియమం కాదు, సైదావలి పెట్టింది. చేయకపోతే ఏమవుతుందని కొత్తగా వచ్చినవాళ్లు అడిగేవారు. ఏమీ కాదు, ఆయన మీకు చొక్కా కుట్టడు. అల్లూరు దాకా ఇసుకలో నడిస్తే తప్ప ఇంకో కుట్టుమిషను దొరకని ఊరు కనుక, చెయ్యెత్తడమే సుఖమని అందరూ ఎత్తేవారు.

మనిషి సన్నగా, సముద్రపు గాలికి ఒక పక్కకు వంగిన సరుగుడు చెట్టులా ఉండేవాడు. మెడలో టేపు, పెదాల మధ్య రెండు గుండుసూదులు. మాట్లాడినా, నవ్వినా, భార్యతో పోట్లాడినా ఆ సూదులు అక్కడే ఉండేవి. ప్రమాణం చేయించేటప్పుడు మాత్రం వాటిని తీసి చొక్కా కాలరుకు గుచ్చుకునేవాడు. సూదులు కాలరుకు చేరాయంటే ఎదుటివాడికి ఏదో పదవి రాబోతోందని అర్థం. తెలిసినవాళ్లు ఆ క్షణంలోనే వీధి మలుపు తిరిగేవారు.

ఈ పిచ్చి ఆయనకు పందొమ్మిది వందల అరవై రెండు మే నెల పదమూడో తారీఖున పట్టుకుంది. పట్టుకున్నప్పుడు పక్కన నేనే ఉన్నాను. పోస్టుమాస్టరుగా ఆ ఊరికి వచ్చి అప్పటికి నెల. పంచాయతీ రేడియో ఒక చెక్కపెట్టెలో ఉండేది. దాని తాళంచెవి, ఎదురుగా కొట్టు ఉన్న పాపానికి, సైదావలి దగ్గర ఉండేది. ఆ ఆదివారం ఢిల్లీలో కొత్త రాష్ట్రపతి ప్రమాణం చేస్తాడని తెలిసి, వలలు ఆరేసినవాళ్లూ కళ్లాల్లో పనిచేసేవాళ్లూ అందరూ పంచాయతీ పందిరి కింద చేరారు. రేడియోలో మొదట హోరు వచ్చింది. అది ఢిల్లీ హోరో, మా సముద్రం హోరో తెలియక కాసేపు అందరం భక్తిగా విన్నాం. తరవాత ఇంగ్లీషు వచ్చింది.

"ఏం చెప్తాండాడు పోస్టుమాస్టరు గారూ?"

నా ఇంగ్లీషు మనియార్డరు ఫారం దాకా వచ్చి ఆగిపోయే ఇంగ్లీషు. "జనానికి మేలు చేస్తానంటున్నాడు" అన్నాను. ఎవరు మాట్లాడినా ఆ ముక్క ఎక్కడో ఒకచోట ఉండకపోదని నా ధైర్యం.

"అంటే కాలవకు నీళ్లు వదుల్తాడా?" అన్నాడొక రైతు.

"కాలవ మాట రాలేదయ్యా."

"మేలంటే కాలవ కాక ఇంకేముండాది?"

"మేలంటే నైలాను వలలు. కాలవంట, కాలవ!" అని వెనకనుంచి ఒక జాలరి కసిరాడు.

మంగలి హజరత్తయ్య పెట్టెకు చెవి ఆనించి, "మాట నున్నగా ఉండాది. పొద్దున్నే గడ్డం గీయించుకోని వచ్చుంటాడు" అని తేల్చాడు. ప్రసంగం ముగిసేసరికి కాలవా, వలలూ, అల్లూరికి తారురోడ్డూ అన్నీ మంజూరైపోయాయి. జనం తృప్తిగా లేచి భోజనాలకు వెళ్లిపోయారు.

సైదావలి మాత్రం కదల్లేదు.

"ముందు ఒకాయన చెప్పినాడు. ఈయన అదే మాట మళ్లీ చెప్పినాడు. ఎందుకట్టా?"

"ముందు చెప్పింది పెద్ద జడ్జి. ఆయన ఒక ముక్క చెబితే రాష్ట్రపతి ఒక ముక్క చెప్పాలి."

"అంత పెద్దాయన కూడా, ఒకరు చెప్తే తిరిగి చెప్పాల్సిందేనా?"

"చెప్పాల్సిందే."

"చెప్పినాక?"

"అయిదేళ్లు ఆయన్ని కదిపేవాడుండడు."

గాలి మొగలిపూల వాసన మోసుకొచ్చి పందిరి కింద దించి పోయింది. సైదావలి సూదులు రెండూ తీసి, ఏదో కలలో ఉన్నట్టు, కాలరుకు గుచ్చుకున్నాడు. మొదటిసారి అదే.

మర్నాడు పొద్దున హజరత్తయ్య ఆయన గడ్డం సగం గీశాక, సైదావలి ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నువ్వీ ఊరికి మంగలిగా ఎప్పుడు ప్రమాణం చేసినావు?"

"మా నాయన గీసినాడు, నేను గీస్తాండా. ప్రమాణమేంది సాయిబన్నా?"

"చెయ్యెత్తు."

"చేతిలో కత్తుండాది."

"కత్తితోనే ఎత్తు. చెప్పు. హజరత్తయ్య అనే నేను..."

"హజరత్తయ్య అనే నేను..."

"ఆసామి గడ్డమైనా, కూలోడి గడ్డమైనా, ఒకటే కత్తితో, భయం గాని పక్షపాతం గాని లేకుండా గీస్తానని..."

హజరత్తయ్య అంతా చెప్పాడు. 'భయం' అన్నచోట అతని చెయ్యి వణికింది. కత్తి సైదావలి ముక్కు మీదుగా ఊగింది కనుక ఆ మాట దగ్గర నిజంగా భయపడింది సైదావలే. ఆ తరవాత మిగతా సగం గడ్డం చాలా మర్యాదగా సాగింది.

ఆ వారమే నెల్లూరు బస్సు వంతు వచ్చింది. కండక్టరు హెబ్రోను విజిలు వేయబోతుంటే ఈయన టేపు ఊపుకుంటూ బస్సుకు అడ్డం నిలబడ్డాడు.

"హెబ్రోను అనే నేను, ముసలమ్మలు చెయ్యెత్తితే బస్సు ఆపుతానని, ఆపినాక వాళ్లమీద అరవనని..."

"ఆపుతా గానీ అరవకుండా ఎట్టా సాయిబన్నా? వాళ్లకు వినబడదు గదా!"

"సరే, మెల్లిగా అరుస్తానని చెప్పు."

లోపలినుంచి జనం, "చెప్పెయ్యి నాయనా, కోర్టు వాయిదా ఉండాది!" అని మొత్తుకున్నారు. హెబ్రోను చెప్పేశాడు. అప్పటినుంచి మా ఊరి ముసలమ్మలు ఎక్కాల్సిన పని లేకపోయినా, ఆపుతాడా లేదా చూద్దామని చెయ్యెత్తేవారు.

కొత్త కత్తెర కొన్నా దానికి ప్రమాణమే. పోస్టాఫీసుకు కొత్త ముద్ర వస్తే దాని తరఫున నేను చెయ్యెత్తాను. పంచాయతీ ప్రెసిడెంటు మాలకొండయ్య అయితే ఎవరూ పిలవకుండానే, అల్లూరు నుంచి బంతిపూల దండ తానే తెప్పించుకుని వచ్చాడు. మా ఊళ్లో ప్రెసిడెంటు అంటే ఆయనే. ఢిల్లీలో ఉన్నాయన పెద్ద ప్రెసిడెంటు.

ఊరు మొత్తం మీద సైదావలి చేత సూదులు మళ్లీ నోట్లో పెట్టించింది ఆయన భార్య ముంతాజ్ బేగం ఒక్కతే.

"ముంతాజ్ బేగం అనే నేను, కూరలో ఉప్పు..."

"ఏమయ్యోవ్, నిన్ను చేసుకునే రోజు మూడుసార్లు ఒప్పుకున్నా. మళ్లీ ఏందిది?"

"అది నిఖా. ఇది వంట."

"వంటకైతే నువ్వెత్తు చెయ్యి. రేపట్నుంచి నేను వండుతానని చెప్పు, వింటా."

సూదులు నోట్లోకి వెళ్లిపోయాయి. ఆ పూట కూరలో ఉప్పు లేదని అనే ధైర్యం ఆయనకు లేకపోయింది.

బస్సు ఆగేచోట తాటాకుల నీడ కింద ఆదిశేషమ్మ మూడు కడవలతో మంచినీళ్లు పోసేది. మనిషి ఒంటరి. మా ఊరి బావుల్లో సగం ఉప్పు. తియ్యటి నీళ్ల కోసం ఆమె పొద్దున్నే మైలు దూరం నడిచేది. నీళ్లు తాగినవాళ్లు పిడికెడు బియ్యమో, నాలుగు ఎండుచేపలో ఇచ్చిపోతే అదే ఆమె బతుకు. సైదావలి ఆమె చేత కూడా చెయ్యెత్తించాడు.

"ఆదిశేషమ్మ అనే నేను, కులం అడక్కుండా, ఊరడక్కుండా..."

"నేనెప్పుడడిగినా సాయిబూ? దప్పికతో వచ్చినోడు చెప్తాడా, నేను వింటానా?"

"అడగనని చెప్పడమే ప్రమాణం."

"అయితే రాసుకో. గ్లాసు ఎంగిలి చేస్తే మాత్రం తిడతా. అది కూడా కలుపు."

కలిపాడు. ఊరు నవ్వింది. ఆమెను 'నీళ్ల మంత్రి' అనడం మొదలుపెట్టింది. పేరు పెట్టింది వెక్కిరింతకే గానీ, పెట్టాక ఊరికి ఆ పేరు మీద ఒక గౌరవం కుదిరింది.

ఆ గౌరవం ఎంతటిదో మాలకొండయ్యకు అరవై నాలుగులో తెలిసింది. ఆయన బావమరిదికి గోలీసోడా కొట్టు పెట్టుకోవాలని కోరిక పుట్టింది. బస్సు ఆగేచోటు కన్నా మంచి చోటు ఎక్కడుంటుంది? అది పంచాయతీ స్థలం. "ఆదిశేషమ్మా, కడవలు తీసేయి" అన్నాడు మాలకొండయ్య.

ఊరంతా ఒక్కటై అడ్డుపడింది. జాలి వల్ల కాదు. న్యాయం వల్ల. "అదెట్టా కుదురుద్ది ప్రెసిడెంటు గారూ? ఆమె ప్రమాణం చేసినామె. అయిదేళ్లు కదపగూడదు" అన్నాడు హజరత్తయ్య. తన మంగలి పదవి కూడా ఆ ప్రమాణం మీదే నిలబడి ఉందని అతనికి తెలుసు. హెబ్రోను కూడా అదే అన్నాడు. నన్నడిగితే, ప్రభుత్వ ఉద్యోగిని కనుక, నేనేమీ అనలేదు. కానీ తల ఊపాను.

మాలకొండయ్య తెలివైనవాడు. వాదించలేదు. వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. ఊళ్లో పదవులన్నీ ఢిల్లీ పదవితో పాటు పుట్టాయి, దానితో పాటే పోతాయి. అరవై ఏడు మే పదమూడు. ఆయన మూడేళ్లు ఆగాడు.

అరవై ఏడు వేసవిలో ఊరి ముఖాన ఎన్నికలనాటి కళ వచ్చింది. మొగుళ్లతో పోట్లాడిన పెళ్లాలు "పదమూడో తారీఖు దాకా ఓర్చుకుంటా" అనడం మొదలుపెట్టారు. హజరత్తయ్య ఎవరికీ గాటు పడకుండా గీస్తున్నాడు. హెబ్రోను బస్సు ఆపి, ముసలమ్మలను దిగి మరీ ఎక్కిస్తున్నాడు.

వీటన్నిటి మధ్య ఇంకో విశేషం జరిగింది. ఢిల్లీలో ఈసారి రాష్ట్రపతి కాబోతున్నది ఒక ముస్లిం పెద్దమనిషి అని పత్రికలో వచ్చింది. ఆ మధ్యాహ్నానికల్లా ఊళ్లో సగంమంది సైదావలి కొట్టు ముందు నిలబడ్డారు.

"శుభమన్నా! మీవాడు కొట్టేసినాడు గదా!"

"నాకు ఆయనెవరో తెలీదబ్బా."

"ఇప్పుడట్నే అంటావులే. మా కాలవ సంగతి కొంచెం చెవిన వెయ్యి."

"నేను లాగులు కుట్టేవాణ్ణి..."

"ఆయనకూ కుట్టేవాడొకడు కావాలి గదన్నా!"

మొదట రెండు రోజులు తగువు పడ్డాడు. మూడో రోజు చూస్తే మౌనంగా నవ్వుతున్నాడు. నాలుగో రోజు తనకోసం తెల్లటి షేర్వానీ కత్తిరించుకున్నాడు. "పోస్టుమాస్టరు గారూ, అయిదేళ్ల కిందట ఊరికే విన్నా. ఈసారి నిలబడి వినాల. ఆయన గొంతు ఎట్టా ఉంటుందో మొదట్నుంచీ చివరిదాకా వినాల" అన్నాడు. పొద్దున్నే రేడియోపెట్టె తుడిచేవాడు. సాయంత్రం మళ్లీ తుడిచేవాడు. మధ్యలో దుమ్ము పట్టడానికి దానికి వ్యవధి దొరికేది కాదు.

పదకొండో తారీఖున మాలకొండయ్య ఆ కొట్టుకే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"సాయిబూ, పదమూడున ఆదిశేషమ్మ పదవి అయిపోద్ది. అవునా కాదా?"

"నాదే గదా ఆ లెక్క. అవును."

"ఢిల్లీలో ప్రమాణం కాంగానే ఆ స్థలానికి మా బావమరిది చేత ప్రమాణం చేయించాల. నీ పద్ధతిలోనే. ఎవరికీ అన్యాయం లేదు."

నేను పక్కనే ఉన్నాను. సైదావలి మెడలో టేపు వేలికి చుట్టుకున్నాడు. తను కుట్టిన చొక్కా తనకే మెడ దగ్గర బిగిసినట్టు ఉంది ఆ ముఖం.

"రేడియోలో ప్రమాణం పూర్తిగా వినబడినాకనే" అన్నాడు చివరికి.

"పూర్తిగా వినబడినాకనే" అని మాలకొండయ్య సంతోషంగా లేచాడు.

ఆ సాయంత్రం నేను బస్సు దగ్గరికి వెళ్లాను. ఆదిశేషమ్మ కడవలు తోముతోంది. "ఏం చేస్తావమ్మా?" అన్నాను. "చెయ్యడానికేముండాది నాయనా. అయిదేళ్లు మంత్రిగా బతికినా. మా అమ్మ బతికిందా అట్టా?" అని నాకు నీళ్లిచ్చింది. తాగి గ్లాసు ఇస్తుంటే, "ఎంగిలి చేసినావు" అని తిట్టింది. పదవి ఉన్నన్నాళ్లూ ఆమె విధి తప్పలేదు.

పదమూడున పందిరి నిండిపోయింది. బావమరిది కొత్త పంచె కట్టుకుని, దండతో సహా వచ్చాడు. సోడాబుడ్ల పెట్టెలు అప్పటికే బస్సు ఆగేచోట దిగాయి. ఆదిశేషమ్మ తన కడవలు మూడూ బోర్లించి, వాటి పక్కన కూర్చుంది. సైదావలి తెల్లటి షేర్వానీలో రేడియోపెట్టె మీద చెయ్యి వేసి, పెళ్లికొడుకు తండ్రిలా నిలబడ్డాడు. సూదులు కాలరుకు మెరుస్తున్నాయి.

హోరు వచ్చింది. ఎవరో ఇంగ్లీషులో ఏదో వివరించారు. బట్టలు రెపరెపలాడినట్టు, కుర్చీలు జరిగినట్టు వినబడింది. తరవాత నిశ్శబ్దం. ఎవరో గొంతు సవరించుకున్నారు.

అంతే. రేడియో ఆగిపోయింది. మిగిలింది మా సముద్రం ఒక్కటే.

సైదావలి పెట్టె వెనక వంగి చూశాడు. తట్టాడు. మీట తిప్పాడు. లేచేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పోయింది" అన్నాడు.

"పోతే పోనీ. ఈపాటికి అక్కడ అయిపోయుంటుంది. కానియ్యి" అన్నాడు మాలకొండయ్య.

"మనం విన్నామా?" అన్నాడు సైదావలి.

హజరత్తయ్యకు మెరుపులా అర్థమయింది. "అవునవును! సగం గీసిన గడ్డాన్ని గీసినట్టు ఎట్టా అంటాము?"

"బస్సు బయల్దేరిందని నెల్లూరు చేరినట్టేనా?" అన్నాడు హెబ్రోను.

"మీ ఇంట్లో ట్రాన్సిస్టరుండాదిగా ప్రెసిడెంటు గారూ, తెప్పించండి" అని ఎవరో అన్నారు. మాలకొండయ్య ముఖం మాడ్చుకున్నాడు. ఆ ట్రాన్సిస్టరును ఆయన భార్య పుట్టింటికి పట్టుకుపోయిందని ఊరందరికీ తెలుసు.

"అల్లూరులో వినుంటారు గదా! పోయి అడగండి!"

"అల్లూరులో విన్నది అల్లూరు పదవులకు" అన్నాడు సైదావలి. తరవాత గొంతు తగ్గించి, చాలా వినయంగా, "అయినా మీరు పూర్తయిందంటే పూర్తయినట్టే ప్రెసిడెంటు గారూ. అందరి పదవులూ ఈ నిమిషంతో పోయినట్టే. ముందు ఎవరిది తీసేద్దాం? అరవై రెండులో పిలవకుండానే వచ్చి దండేసుకోని ప్రమాణం చేసింది తమరు."

మాలకొండయ్య జనం వైపు చూశాడు. జనం మాలకొండయ్య వైపు, కొత్తగా చూస్తున్నట్టు, ఆసక్తిగా చూశారు. వెనకనుంచి ఎవరో దగ్గారు.

"వినబడలేదు" అన్నాడు మాలకొండయ్య. "నాకూ వినబడలేదు. పాతవాళ్లే ఉంటారు."

"ఎన్నాళ్లు?" అన్నాడు బావమరిది ఏడుపు గొంతుతో.

"ఇంకో అయిదేళ్లు. మళ్లీ ఢిల్లీలో ప్రమాణం జరిగినప్పుడు చూద్దాం" అన్నాడు సైదావలి. ఆదిశేషమ్మ లేచి కడవలు తిరగేసింది.

రెండు రోజుల తరవాత పత్రిక పట్టుకుని సైదావలి కొట్టుకు వెళ్లాను. ఆ గుంపులో నా చొక్కాగుండీ ఒకటి ఊడింది. ఆయన నమాజుకు చాప చుడుతూ, "గుండీల డబ్బాలో మీకు నచ్చింది తీసుకోండి" అన్నాడు. డబ్బాలో వేలు పెట్టి కలియబెట్టాను. తెల్లవి, నల్లవి, ముత్యాలవి. వాటి అడుగున ఒక ఇత్తడి నట్టు. రేడియో బ్యాటరీకి తీగ బిగించే నట్టు. దానికి వదులుగా ఒక దారం కూడా చుట్టి ఉంది. షేర్వానీ కుట్టిన తెల్లదారం.

నేను తల ఎత్తాను. ఆయన తల దించుకున్నాడు.

"దారం లాగితే తీగ ఊడేట్టు కట్టినా. నట్టు ముందురోజే తీసినా" అన్నాడు నేలతో. "గొంతు సవరించుకున్నది విన్నా గదా పోస్టుమాస్టరు గారూ. అది ఆయనే అయ్యుంటాడు. చాలు."

నేను పత్రిక విప్పి ప్రసంగం చదవడం మొదలుపెట్టాను. ఆయన గబగబా లోపలికి వెళ్లి షేర్వానీ తొడుక్కుని వచ్చి, చివరిదాకా నిలబడే విన్నాడు. దేశమంతా తన ఇల్లేనని రాష్ట్రపతి అన్నట్టు అందులో ఉంది. ఆ ముక్క రెండుసార్లు చదివించుకున్నాడు.

"అట్టనా? అయితే ఆదిశేషమ్మ కడవలున్నచోటు ఆ ఇంట్లో నీళ్ల మూలన్నమాట" అన్నాడు. "ఎవరైనా ఇంట్లో నీళ్లకుండ తీసేసి సోడాకొట్టు పెట్టుకుంటారా?"

లోపలినుంచి ముంతాజ్ బేగం, "పెడతారు. మగాళ్లకు చెప్పలేం" అంది.

సోడాకొట్టు పెట్టనే పెట్టారు, కడవల పక్కన నాలుగడుగుల దూరంలో. జనం తేన్పు కోసం అక్కడ సోడా తాగి, దప్పిక తీరడానికి ఇక్కడ నీళ్లు తాగేవారు. గోలీసోడాలు కలపడానికి బావమరిదికి తియ్యటి నీళ్లు కూడా ఆదిశేషమ్మే పోసేది. గ్లాసు ఎంగిలి చేస్తే అతణ్ణీ తిట్టేది.

ఆ రోజు కొట్టులోంచి నేను లేవబోతుంటే సైదావలి పెదాల మధ్యనుంచి సూదులు తీశాడు. నేను వీధి మలుపు వైపు చూశాను. అవి కాలరుకు చేరాయి.

"చెయ్యెత్తండి. పోస్టుమాస్టరు అనే నేను, ఈ నట్టు సంగతి..."

"...ఈ నట్టు సంగతి..."

"ఎవరికీ చెప్పనని..."

చెప్పాను. మర్నాడు రేడియో దానంతట అదే బాగయింది.

ఆ ప్రమాణానికి అయిదేళ్లు నిండాయి కనుక ఇప్పుడు రాస్తున్నాను. పద్ధతి ప్రకారం తప్పేమీ లేదు. ఆయన ఇక నాకు చొక్కా కుట్టడేమోనని ఒక్కటే బెంగ.